గిరాకీ దారి ఎవరి చేతిలో ఉంది?

తిరుపతిలో చిన్న వ్యాపారులు, కామర్స్ విద్యార్థులు కలిసిన సభలో చేసిన ప్రసంగ పాఠం

అందరికీ నమస్కారం. సోషల్ మీడియా వల్ల వ్యాపారం, ప్రచారం, టీవీ ఎలా మారుతున్నాయో చెప్పమన్నారు. ప్రపంచం సంగతి తర్వాత చూద్దాం, ముందు మన బజారు సంగతి మాట్లాడుకుందాం.

తిరుపతి వ్యాపారానికి వేరే ఏ ఊరికీ లేని తీరు ఒకటుంది. మన గిరాకీలో ఎక్కువమంది ఈ ఊరివాళ్లు కాదు. పొద్దున రైలు దిగుతారు, కొండెక్కుతారు, దర్శనం చేసుకుంటారు, మర్నాటికి బండెక్కి వెళ్లిపోతారు. మామూలు రోజుల్లోనే కొండమీదికి అరవై డెబ్బై వేలమంది వస్తారు. గాంధీ రోడ్డులో రాగి చెంబు కొన్న మనిషి మళ్లీ ఎప్పుడొస్తాడో ఎవరికీ తెలియదు, వచ్చినా మన అంగడికే రావాలని లేదు. అందుకని ఈ ఊళ్లో ఒక అలవాటు చాలా ఏళ్లు నడిచింది. ఇవాళ వచ్చినవాడి దగ్గర ఇవాళే రాబట్టుకోవాలి. అందరూ అలా చేశారని అనను. తాతల నాటి నుంచి ఒకే ధర చెప్పే అంగళ్లు నాకు తెలుసు. కానీ న్యాయంగా అమ్మినవాడికీ, అన్యాయంగా అమ్మినవాడికీ రేపటి బేరంలో పెద్ద తేడా ఉండేది కాదు. రేపు వచ్చేది వేరే మనిషి కదా. నిన్నటి మనిషితో అతనికి మాటే లేదు.

ఇప్పుడు వాళ్లిద్దరికీ మాట కలిసింది. నిన్న వచ్చి వెళ్లిన సోలాపూర్ యాత్రికుడు గూగుల్ మ్యాప్‌లో మీ లాడ్జి గురించి నాలుగు ముక్కలు రాస్తాడు. రేపు రాబోయే కోయంబత్తూరు కుటుంబం వాటిని రైల్లో కూర్చుని చదువుతుంది. గీజర్ పని చేయలేదని రాశాడా, గది శుభ్రంగా ఉందని రాశాడా, అడిగిన దానికంటే ఎక్కువ వసూలు చేశారని రాశాడా, అన్నీ చదివాకే రేణిగుంటలో దిగుతుంది. ఈ మార్పు ఎంత పెద్దదో మన వ్యాపారుల్లో చాలామందికి ఇంకా తలకెక్కలేదని నా బాధ. సోషల్ మీడియా అనగానే మనకు రీల్స్, డాన్సులు, లైకులు గుర్తొస్తాయి. తిరుపతి లాంటి ఊరికి అంతకంటే ముఖ్యం, ఒక్కసారే వచ్చిపోయే గిరాకీ తన మాటను ఇక్కడ వదిలి వెళ్లడం.

నోటి మాటతో నడిచిన వ్యాపారం మనకు కొత్తేమీ కాదు. పుత్తూరు కట్టునే తీసుకోండి. ఎముక విరిగితే తమిళనాడు నుంచీ కర్ణాటక నుంచీ జనం పుత్తూరుకు వస్తున్నారు. దానికి ఎవరు ప్రకటన ఇచ్చారు? కట్టు కట్టించుకుని వెళ్లినవాడు చెప్పాడు, విన్నవాడు వచ్చాడు. అయితే ఆ పేరు పెరిగాక ఏమైందో కూడా మీకు తెలుసు. ఎక్కడెక్కడి ఊళ్లలోనో పుత్తూరు కట్టు అని బోర్డులు వెలిశాయి. మాట ఎంత దూరం పోతే, ఆ మాటను వాడుకునేవాళ్లు అంతమంది పుడతారు. ఫోన్లో ఈ రెండూ వేగంగా జరుగుతాయి, మంచీ చెడూ ఒకే వేగంతో.

నేను చాలా ఏళ్లు లోకల్ కేబుల్‌కూ పేపర్లకూ ప్రకటనలు రాసిచ్చే పని చేశాను. అప్పటి పద్ధతి పిల్లలకు తెలియదు కాబట్టి రెండు మాటలు చెబుతాను. బట్టల అంగడి తెరిస్తే ముందు కరపత్రాలు కొట్టించి పేపర్లో పెట్టి పంచేవాళ్లు. మైకు కట్టిన ఆటో ఊరంతా తిరిగేది. సినిమా హాల్లో స్లైడ్ వేసేవాళ్లు. సాయంత్రం కేబుల్లో సినిమా వస్తుంటే తెర కింద అక్షరాలు పరిగెత్తేవి, ఆషాఢం డిస్కౌంట్, స్కూలు అడ్మిషన్లు, బంగారం తరుగు లేదు అని. ఎంతమంది చూశారు, చూసినవాళ్లలో ఎంతమంది వచ్చారు, లెక్క లేదు. కానీ ఒక ధైర్యం ఉండేది. కేబుల్ ఆపరేటర్ ఈ ఊరివాడే. స్క్రోలింగ్ సరిగా వేయకపోతే ఆఫీసుకెళ్లి నిలదీయొచ్చు. పేపర్ వాళ్ల ఏజెంటు మన వీధిలోనే ఉంటాడు. డబ్బు ఎవరికిచ్చామో, ఎందుకిచ్చామో తెలిసేది.

ఇప్పుడు ఐదు వందలు పెట్టి ఇన్‌స్టాగ్రామ్‌లో పోస్టును బూస్ట్ చేస్తే, మ్యాప్ మీద అలిపిరి దగ్గర పిన్ను గుచ్చి చుట్టూ ఇన్ని కిలోమీటర్లు అని చెప్పొచ్చు. ఏ వయసువాళ్లకు కనిపించాలో చెప్పొచ్చు. ఎంతమందికి చేరింది, ఎంతమంది వాట్సాప్ బటన్ నొక్కారు, అన్నీ చూపిస్తుంది. టిఫిన్ సెంటర్ పెట్టుకున్న ఒక చెల్లెమ్మకు ఇలాంటి సౌకర్యం గతంలో కలలో కూడా లేదు. పేపర్లో పావు పేజీ కొనలేని మనిషి, తన వీధి చుట్టుపక్కలవాళ్లకు మాత్రమే కనపడే ప్రకటన కొనగలుగుతోంది. ఇది నిజంగా గొప్ప మార్పు, నేను దాన్ని మనస్ఫూర్తిగా ఒప్పుకుంటాను.

కానీ ఆ ప్రకటన ధర వేలంపాటలో తేలుతుంది. అదే చుట్టుపక్కల అదే జనానికి కనపడాలని పెద్ద షోరూములూ డబ్బు పెడతాయి. పండగ ముందు అందరూ పాడతారు కాబట్టి అదే ఐదు వందలకు తక్కువమందికి చేరుతుంది. డబ్బు పెట్టకుండా వేసిన పోస్టు ఎవరికి చూపించాలో కంపెనీ లెక్కలే నిర్ణయిస్తాయి. ఆ లెక్క రేపు మారితే మనకు కబురు రాదు. 2018 జనవరిలో ఫేస్‌బుక్ తన ఫీడ్‌లో స్నేహితులు, బంధువుల పోస్టులకే ముందు చోటు ఇస్తామని ప్రకటించింది. పేజీల మీద ఏళ్ల తరబడి కష్టపడి జనాన్ని పోగేసిన వ్యాపారాల పోస్టులు ఒక్కసారిగా వెనక్కి పోయాయి. 2020 జూన్ 29న మన ప్రభుత్వం 59 చైనా యాప్‌లను నిషేధించింది. అందులో టిక్‌టాక్ ఉంది. నిషేధం తప్పో ఒప్పో ఇక్కడ చర్చించను. కానీ దాని మీదే పేరు తెచ్చుకున్న పల్లెటూరి పిల్లలు, దాని మీదే బేరాలు తెచ్చుకున్న చిన్న వ్యాపారులు ఆ దారి మూసుకుపోవడంతో మళ్లీ మొదటి మెట్టు నుంచి ఎక్కాల్సొచ్చింది. ఆ ఖాళీలోకి జూలైలో ఇన్‌స్టాగ్రామ్ రీల్స్, సెప్టెంబర్‌లో యూట్యూబ్ షార్ట్స్ వచ్చాయి. 2021 అక్టోబర్ 4 రాత్రి ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, వాట్సాప్ మూడూ కలిసి దాదాపు ఆరు గంటలు ఆగిపోయాయి. మూడూ ఒకే కంపెనీవి అని చాలామందికి ఆ రాత్రే తెలిసింది.

నేను ఇవాళ చెప్పదలచుకున్న మాట ఇదే. ఇన్నాళ్లూ మధ్యవర్తి పోయాడు, నేరుగా గిరాకీతో మాట్లాడుకోవచ్చు అని అందరూ అంటున్నారు. మధ్యవర్తి పోలేదు. మారాడు. పాతవాడు వీధి చివర ఉండేవాడు, కొత్తవాడు మనకు కనపడడు. అందుకే ఆ దారిన వచ్చిన మనిషిని త్వరగా మన సొంత లెక్కలోకి తెచ్చుకోవాలి.

ఇక్కడ శ్రీకాళహస్తి కలంకారీ సంగతి కాస్త నిదానంగా చెబుతాను. మన జిల్లాలో నాకు అన్నిటికంటే ఇష్టమైన పని అది. గాడా అనే ముతక నూలు గుడ్డను కరక్కాయ పొడి, గేదె పాలు కలిపిన నీళ్లలో నానబెట్టి ఆరేస్తారు. పాలలో ఉన్న కొవ్వు వల్ల గీత పక్కకు పాకకుండా నిలుస్తుంది. వెదురు పుల్ల చివర చెక్కి, దాని మీద ఉన్ని చుట్టి, దారం కట్టి కలం చేస్తారు. ఇనుప ముక్కలు, బెల్లం నీళ్లలో వేసి రోజుల తరబడి పులియబెడితే వచ్చే నీళ్లు కరక్కాయ పట్టిన గుడ్డను తాకగానే నల్లబడతాయి. ఎరుపు కావాలంటే పటిక రాసి రంగులో ఉడకబెట్టాలి. మధ్య మధ్యలో పారే నీళ్లలో ఉతకాలి. ఒక చీర మీద రామాయణ కథ గీయాలంటే వారాలు పడుతుంది. ఈ పని ఒక దశలో దాదాపు అంతరించిపోయే స్థితికి వస్తే, చేతివృత్తులను నిలబెట్టడానికి పాటుపడిన కమలాదేవి చటోపాధ్యాయ్ లాంటి వాళ్ల పూనికతో 1950లలో శ్రీకాళహస్తిలో శిక్షణ కేంద్రం వచ్చి నిలబడింది. ఆ తరం కళాకారుల్లో జొన్నలగడ్డ గుర్రప్ప చెట్టి గారికి 2008లో పద్మశ్రీ ఇచ్చారు.

ఇప్పుడు ఫోన్ తీసి కలంకారీ చీర అని కొట్టి చూడండి. నాలుగైదు వందల రూపాయల చీరలు వరుసగా కనిపిస్తాయి. అవన్నీ యంత్రం మీద అచ్చేసినవి. పెడన, మచిలీపట్నం వాళ్లు చెక్క అచ్చులతో వేసే కలంకారీ వేరు, దానికి దాని గౌరవం ఉంది. నేను అంటున్నది ఆ రెండూ కాని, ఆ బొమ్మలను కంప్యూటర్లోకి ఎక్కించి పాలిస్టర్ మీద దించిన సరుకు గురించి. తెర మీద ఫోటో పెడితే అసలుకీ నకలుకీ తేడా తెలియదు. ఇంకా చెప్పాలంటే నకలే మెరుస్తూ కనిపిస్తుంది. చేతితో పట్టుకుంటే తెలుస్తుంది, వాసన చూస్తే తెలుస్తుంది, గుడ్డ వెనక్కి తిప్పితే తెలుస్తుంది. ఈ మూడూ ఫోన్లో కుదరవు. చీర ఫోటోలు పెట్టి పెట్టి, ధర దగ్గర నకలుతో పోటీపడి ఓడిపోయిన కళాకారులను నేను చూశాను. చూసిన ప్రతిసారీ కడుపు తరుక్కుపోయింది.

మరి ఏం చేయాలి? ఫోటో తగ్గించి పని చూపించాలి. నకలు చేసేవాడు చీర చూపించగలడు గానీ, కలం పట్టుకున్న చేతిని చూపించలేడు. గీత గీస్తుంటే గుడ్డ మీద నలుపు విచ్చుకోవడం, ఉతికితే అనవసరమైన రంగు నీళ్లలో కలిసిపోవడం, ఇవి చూసిన మనిషి నాలుగు వందల చీరతో దీన్ని పోల్చడు. అమెరికాలో ఉన్న తెలుగు కుటుంబాలకు వాట్సాప్ వీడియో కాల్‌లో ఆరుతున్న చీరనే చూపించి బయానా తీసుకోవచ్చు. ఒక జాగ్రత్త మాత్రం తప్పదు. వీడియో కూడా దొంగిలిస్తారు. మీరు పని చేస్తున్న వీడియో తీసుకుని, దాని కింద అచ్చు చీరలు అమ్ముతారు. కాబట్టి వీడియోలో మీ ముఖం, మీ గొంతు, మీ ఊరి పేరు ఉండాలి. సంగీతం పెట్టి చేతులు మాత్రమే చూపించే వీడియో అందంగా ఉంటుంది, కానీ అది ఎవరిదైనా కావచ్చు. మాధవమాలలో కొయ్యబొమ్మలు చెక్కేవాళ్లకూ ఇదే చెబుతాను.

అన్ని సరుకులకూ ఈ మందు పనిచేయదు. మామిడినే చూడండి. దామలచెరువు, బంగారుపాళ్యం వైపు బేనీషా, అంటే బంగినపల్లి తోటలున్న యువ రైతులు కొందరు బెంగళూరు, చెన్నై అపార్టుమెంట్ల వాట్సాప్ గ్రూపుల్లో ఆర్డర్లు తీసుకుని పెట్టెలు పంపుతున్నారు. కార్బైడ్ లేకుండా గడ్డిలో మాగవేసిన పండు అని వీడియో పెడితే మండీ ధరకంటే బాగా వస్తుంది. కానీ మన పాత చిత్తూరు జిల్లాలో ఎక్కువగా ఉన్నది తోతాపురి. అది గుజ్జు ఫ్యాక్టరీలకు పోయే కాయ. టన్నుల లెక్కన పోవాలి, ఫ్యాక్టరీ ధర చెప్పాలి. 2025 జూన్‌లో ధర పడిపోయి ట్రాక్టర్లు ఫ్యాక్టరీల ముందు బారులు తీరాయి. ఫ్యాక్టరీలు కిలోకు 8 రూపాయలు ఇస్తే ప్రభుత్వం 4 రూపాయలు కలుపుతుందని ప్రకటించాల్సొచ్చింది. ఆ రోజుల్లో రైతులు తీసిన వీడియోలు టీవీలకు వార్త అయ్యాయి, ఆ మేరకు మేలు జరిగింది. అయినా ఏ రీలూ తోతాపురికి గిరాకీ తేలేదు. రైతుకు ఆన్‌లైన్‌లో అమ్ముకో అని సలహా చెప్పేముందు అది ఏ కాయో అడగండి.

ఇక టీవీ. టీవీ వాళ్లదీ మన కథే, కొలత పెద్దది అంతే. 1995లో ఈటీవీ, జెమినీ వచ్చినప్పుడు గిరాకీ దారి పూర్తిగా వాళ్ల చేతిలో ఉండేది. రాత్రి ఎనిమిదింటికి ఇంటిల్లిపాదీ ఒకే తెర ముందు కూర్చునేవాళ్లు. ఎవరు ఏం చూశారన్నది లెక్కపెట్టడానికి తర్వాతి కాలంలో బార్క్ అనే సంస్థ దేశం మొత్తం మీద కొన్ని వేల ఇళ్లలో మీటర్లు పెట్టింది. కోట్ల ఇళ్ల అభిరుచిని ఆ కొన్ని వేల ఇళ్ల నుంచి అంచనా వేస్తారు. ఛానళ్ల ప్రకటనల ధర ఆ అంచనా మీదే నడుస్తుంది. 2016 సెప్టెంబర్‌లో జియో వచ్చి డేటా చవకైంది. ఇంట్లో ఒక్కొక్కరికీ ఒక్కో తెర వచ్చింది. ఆ తెర మీద ఎవరు ఎన్ని సెకన్లు చూశారో కంపెనీకి అంచనాతో పని లేకుండా తెలుస్తుంది. ప్రకటన ఇచ్చేవాడు ఎటు వెళ్తాడు? 2023 నుంచి 2027 వరకు ఐపీఎల్ ప్రసార హక్కులు 48,390 కోట్లకు పోయాయి. మన దేశం వరకు చూస్తే డిజిటల్ హక్కులకు వచ్చింది 23,758 కోట్లు, టీవీ హక్కులకు 23,575 కోట్లు. ఫోన్ టీవీని దాటింది. 2024లో మన మీడియా రంగం ఆదాయంలో డిజిటల్ మొదటిసారి టీవీని మించిందని పరిశ్రమల సంఘం ఫిక్కీ, సలహా సంస్థ ఈవై కలిసి ఇచ్చిన నివేదిక చెప్పింది.

డబ్బు మారితే తెర మీద కనిపించేదీ మారుతుంది. వార్తా ఛానల్ చర్చను ఇప్పుడు గంటసేపు కూర్చుని చూసేవాళ్లకంటే, అందులోంచి కత్తిరించిన ఒక నిమిషం ముక్కను చూసేవాళ్లు ఎక్కువ. కాబట్టి ఆ ముక్క పుట్టేలా చర్చ నడుపుతున్నారు. ఎవరో ఒకరు అరవాలి, లేచి వెళ్లిపోవాలి. ఓపికగా విషయం చెప్పే మనిషిని పిలవడం తగ్గింది. ఇది నాకు నిజంగా ఆందోళన కలిగించే విషయం. ఇంకో వైపు చూస్తే, టీవీ స్టూడియో ఎన్నడూ పిలవని మనుషులకు దారి దొరికింది. జగిత్యాల జిల్లా లంబాడిపల్లి నుంచి గంగవ్వ యూట్యూబ్‌లో అందరికీ తెలిసిన మనిషి అయింది. 2020లో బిగ్‌బాస్ ఆమెను వెతుక్కుంటూ వెళ్లింది. ఆమె యాస మార్చుకోమని ఎవరూ అడగలేదు. మన చిత్తూరు యాసకు కూడా టీవీ ఇన్నాళ్లూ హాస్యం పాత్రలే ఇచ్చింది. ఇవాళ మన పిల్లలు ఆ యాసలోనే వంట చెబుతున్నారు, వ్యవసాయం చెబుతున్నారు, జనం వింటున్నారు. నాకు సంతోషంగా ఉంది.

టీవీ చచ్చిపోతుందని అనేవాళ్లతో నేను ఏకీభవించను. మన ఊరి ఉదాహరణే ఉంది. టీటీడీ 2008లో ఎస్వీబీసీ, అంటే శ్రీ వెంకటేశ్వర భక్తి ఛానల్ మొదలుపెట్టింది. 2020 బ్రహ్మోత్సవాలు కరోనా వల్ల ఏకాంతంగా జరిగితే, స్వామి వాహన సేవలను జనం ఆ ఛానల్‌లోనే చూశారు. ఇప్పుడు కల్యాణోత్సవం ఇంట్లో అవ్వ టీవీలో చూస్తుంది, డల్లాస్‌లో మనవరాలు అదే ప్రసారం యూట్యూబ్‌లో చూస్తుంది. నమ్మకం ఉన్న పేరుకు తెర మారినా జనం మారలేదు. అదే కొండమీద ఇంకో దృశ్యం. ఆలయం ముందు రీల్స్ చేయవద్దని 2025లో టీటీడీ గట్టిగా హెచ్చరించాల్సొచ్చింది. మాడవీధి అనేది షూటింగ్ స్థలం కాదని పిల్లలకు మనమే చెప్పాలి.

మోసాల గురించి చెప్పకపోతే ఈ ఊళ్లో ప్రసంగం పూర్తికాదు. దర్శనం టిక్కెట్ల పేరుతో దొంగ వెబ్‌సైట్లు పుడుతూనే ఉన్నాయి. పేరున్న లాడ్జి ఫోటోలు పెట్టి, తమ ఫోన్ నంబరు వేసి, గదికి అడ్వాన్సు వేయించుకునేవాళ్లున్నారు. యాత్రికుడు పెట్టె పట్టుకుని వచ్చి మీ కౌంటర్ ముందు నిలబడతాడు, మీకేమీ తెలియదు. తిట్టేది మిమ్మల్నే. లాడ్జి వాళ్లు నెలకోసారైనా తమ పేరును తామే వెతికి చూసుకోండి, నంబరు సరిగా ఉందా లేదా అని. డబ్బు పోయినవాళ్లతో వెంటనే 1930కి ఫోన్ చేయించండి. ఎంత త్వరగా చేస్తే ఆ డబ్బు ఆపడానికి అంత వీలుంటుంది. భోజనం ఉచితంగా పెట్టి వ్లాగర్లతో పొగిడించుకునే హోటళ్లవాళ్లూ వినండి, డబ్బో కానుకో తీసుకున్నప్పుడు అది ప్రకటన అని చూసేవాళ్లకు తెలిసేలా చెప్పాలని కేంద్రం 2023 జనవరిలో మార్గదర్శకాలు ఇచ్చింది. తప్పుదోవ పట్టించే ప్రకటనకు వినియోగదారుల చట్టం కింద మొదటి తప్పుకే పది లక్షల దాకా జరిమానా ఉంది.

చివరగా, సొంత లెక్క అన్నాను కదా, అదెలాగో చెప్పి ముగిస్తాను. వాట్సాప్ బిజినెస్ యాప్ ఉచితం. అందులో క్యాటలాగ్ పెట్టుకోవచ్చు. బ్రాడ్‌కాస్ట్ లిస్టులో 256 మంది దాకా చేర్చవచ్చు. కానీ ఒక చిక్కుంది. మీ నంబరును తమ ఫోన్లో సేవ్ చేసుకున్నవాళ్లకే ఆ మెసేజ్ చేరుతుంది. చాలామంది వ్యాపారులు వెయ్యి నంబర్లు పోగేసి, ఎవరూ జవాబివ్వడం లేదని డీలా పడతారు. అసలు చేరితే కదా. బిల్లు ఇచ్చేటప్పుడే అడగండి, అమ్మా, మా నంబరు సేవ్ చేసుకోండి, మీ ఊరికి కొరియర్ పంపుతాం అని. ఇష్టం ఉన్నవాళ్ల పేరు, ఊరు, ఏం కొన్నారో ఒక పుస్తకంలో రాసుకోండి, ఫోన్లోనే కాకుండా కాగితం మీద కూడా. రోజూ మెసేజ్ పెట్టి విసిగించకండి. కొత్త సరుకు వచ్చినప్పుడు, పండగకు ముందు, అంతే. చెడ్డ రివ్యూ వస్తే కోపంతో జవాబు రాయకండి. గీజర్ బాగుచేయించి, బాగుచేయించాం అని రాయండి. అది చదివేది ఆ రాసినతను కాదు, రేపు వచ్చే కుటుంబం. ఇక నేను మాట్లాడింది చాలు. వెనక వరుసలో ఆ పాప ఇందాకటి నుంచి చెయ్యెత్తి ఉంది. మైకు అటు ఇవ్వండి, అడుగమ్మా.